సిబిల్ రిపోర్టు పైసా ఖర్చు లేకుండా తీసుకోవడం, చదవడం ఎలా?

లోను కోసం వెళ్తే బ్యాంకు మేనేజరు గారు కంప్యూటర్ వైపు ఓసారి చూసి, "మీ సిబిల్‌లో ఏదో ఉందండీ" అంటారు. ఏముందో మాత్రం చెప్పరు. బయటికొచ్చి ఫోన్ తీసి వెతుకుతాం. మొదట కనిపించిన సైట్‌లోకి వెళ్లి పాన్ నంబరు కొడతాం, ఓటీపీ ఇస్తాం. అంతా అయ్యాక డబ్బు కట్టమనే పేజీ వస్తుంది. ఆ టెన్షన్‌లో కట్టేస్తాం. నేనూ ఒకసారి అలాగే కట్టాను. అదే రిపోర్టు నాకు ఉచితంగా రావాల్సిందని తర్వాత తెలిసింది.

ఇది కంపెనీలు దయతలచి ఇచ్చే ఆఫర్ కాదు. రిజర్వ్ బ్యాంక్ 2016 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం 2017 జనవరి 1 నుంచి ప్రతి క్రెడిట్ సమాచార కంపెనీ (మన లోన్లు, కార్డులు ఎలా కడుతున్నామో లెక్క రాసి ఉంచే సంస్థ) ఏడాదికి ఒకసారి, అడిగినవారికి పూర్తి రిపోర్టును స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలి. ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు. మీరు నవంబరులో ఒకటి తీసుకున్నా, జనవరి రాగానే ఇంకోటి తీసుకోవచ్చు.

ఇంకో సంగతి. జిరాక్స్ అనేది కంపెనీ పేరైనా ఏ కాపీనైనా మనం జిరాక్స్ అన్నట్టు, సిబిల్ కూడా ఒక కంపెనీ పేరే. 2000లో మన దేశంలో మొదటగా వచ్చింది కాబట్టి ఆ పేరే నోటికి అలవాటైంది. అసలు ఇలాంటి కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. బ్యాంకులూ, ఫైనాన్స్ కంపెనీలూ ఈ నాలుగింటికీ మన వివరాలు పంపాలి. అంటే ఏడాదికి మనకు నాలుగు ఉచిత రిపోర్టులు. అన్నీ ఒకేరోజు తీసేసుకోకుండా మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడుగునా ఓ కన్నేసి ఉంచినట్టు ఉంటుంది. నేను జనవరిలో సిబిల్, ఏప్రిల్‌లో ఎక్స్‌పీరియన్, జులైలో ఈక్విఫాక్స్, అక్టోబరులో క్రిఫ్ అని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. త్వరలో ఇంటి లోనుకు వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం ఈ లెక్క పక్కనపెట్టి నాలుగూ ఒకేసారి తీయండి. ఏ బ్యాంకు ఏ కంపెనీ రిపోర్టు చూస్తుందో మన చేతిలో లేదు కదా.

సూక్ష్మరుణ సంస్థల దగ్గర గ్రూపు లోన్లు తీసుకున్నవారు ముందుగా క్రిఫ్ హై మార్క్ రిపోర్టు చూడటం మంచిది. ఆ కంపెనీ మొదలైందే సూక్ష్మరుణాల సమాచారంతో.

మొదటి పని: సరైన తలుపు తట్టడం

సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనలు నొక్కొద్దు. బ్రౌజర్‌లో అడ్రసు మీరే టైపు చేయండి: సిబిల్ డాట్ కామ్, ఎక్స్‌పీరియన్ డాట్ ఇన్, ఈక్విఫాక్స్ డాట్ కో డాట్ ఇన్, క్రిఫ్‌హైమార్క్ డాట్ కామ్. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ఉచిత రిపోర్టు లింకు వెబ్‌సైట్‌లో స్పష్టంగా కనిపించేలా పెట్టాలని కూడా రిజర్వ్ బ్యాంక్ 2023 అక్టోబరులో చెప్పింది. కాబట్టి హోమ్ పేజీలోనే 'ఫ్రీ' అన్న మాట కోసం చూడండి. పక్కనే ఇంకా పెద్ద అక్షరాలతో, ఇంకా మెరిసే రంగుతో 'ప్లాన్లు' కనిపించొచ్చు. అటు వెళ్లొద్దు.

చేతిలో ఉండాల్సినవి పాన్ కార్డు, పుట్టినతేదీ, లోన్లు తీసుకున్నప్పుడు ఇచ్చిన మొబైల్ నంబరు, మెయిల్. ఇక్కడ చాలామంది ఆగిపోయేది మొబైల్ నంబరు దగ్గరే. పదేళ్ల కిందట బైక్ లోను తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరు ఇప్పుడు వేరే ఎవరి దగ్గరో ఉంటుంది. కొన్ని సైట్లు మీరే మీరని తేల్చుకోవడానికి పాత లోన్ల గురించి ప్రశ్నలు అడుగుతాయి: ఈ బ్యాంకులో మీకు కార్డు ఉందా, ఆ లోను ఎంతకు తీసుకున్నారు అని. గుర్తులేక తప్పు చెబితే ముందుకు వెళ్లనివ్వదు. అంతమాత్రాన డబ్బు కట్టే దారిలోకి మళ్లక్కర్లేదు. ఉచిత రిపోర్టు కోసం దరఖాస్తు ఫారం నింపి, గుర్తింపు, చిరునామా రుజువులు జతచేసి పంపే పద్ధతి కూడా ఉంటుంది. నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అంతే.

పాన్ జిరాక్స్ నెట్ సెంటర్‌లో వదిలేసి, "నువ్వే తీసిపెట్టు తమ్ముడూ" అని మాత్రం అనకండి. మీ పాన్, పుట్టినతేదీ, ఓటీపీ మూడూ ఒకే చేతిలో పెట్టినట్టవుతుంది. ఇంట్లో పిల్లల చేత చేయించుకోండి, లేదా పక్కన కూర్చుని చేయించుకోండి.

డబ్బు ఎక్కడ జారిపోతుంది

రిజిస్ట్రేషన్ అయ్యాక రిపోర్టు రాకముందే ఒక పేజీ వస్తుంది. నెలకో, ఆరునెలలకో, ఏడాదికో ప్లాన్ తీసుకుంటే ఎన్నిసార్లయినా రిపోర్టు చూసుకోవచ్చని ఉంటుంది. ఆ పేజీలో ఓపికగా కిందికి వెళ్లండి. 'వద్దు' అనే మాట సన్నటి అక్షరాల్లో ఎక్కడో ఓ మూల ఉంటుంది. అదే నొక్కాలి. ఉచిత రిపోర్టుకు కార్డు నంబరు గానీ యూపీఐ గానీ ఇవ్వాల్సిన పనే లేదు. ఎక్కడైనా అడిగారంటే దారి తప్పారని అర్థం, వెనక్కి రండి.

ప్లాన్ తీసుకోవడం నేరమేమీ కాదు. రిపోర్టులో తప్పు సరిచేయించుకుంటూ ప్రతి పదిహేను రోజులకూ మార్పు చూడాల్సిన అవసరం ఉన్నవారికి ఒక నెల ప్లాన్ పనికొస్తుందేమో. మిగతావాళ్లకు అనవసరం అనే నా అభిప్రాయం. ఒకవేళ ఇప్పటికే తీసుకుని ఉంటే, అది దానంతటదే రెన్యూ అయ్యేలా ఉందేమో చూడండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట మీరు అనుమతి ఇచ్చినవన్నీ వరుసగా కనిపిస్తాయి. అక్కడే రద్దు చేయొచ్చు. కార్డు నుంచి ఇలా డబ్బు కోయాలంటే కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ మెసేజ్‌ని యాడ్ అనుకుని తీసేయకండి.

మరి ఫోన్‌లో డబ్బులు పంపే యాప్‌లు ఉచితంగా స్కోరు చూపిస్తున్నాయి కదా అంటారా? నిజమే, చాలా బ్యాంకు యాప్‌లు కూడా చూపిస్తాయి. డబ్బు తీసుకోవు. కానీ 'నాకు సమ్మతమే' అని టిక్కు పెట్టినప్పుడు మీ రిపోర్టు వాళ్లూ చూస్తారు. మర్నాటి నుంచి "సార్, మీకు ప్రీ అప్రూవ్డ్ లోను ఉంది" అనే ఫోన్లు. పైగా వాటిలో చాలావరకు స్కోరు, దాని చుట్టూ నాలుగు రంగుల బొమ్మలు ఉంటాయి గానీ, మనకు కావాల్సిన పూర్తి రిపోర్టు అన్నిట్లో ఉండదు.

మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందని భయపడేవారు ఇంకా ఉన్నారు. తగ్గదు. లోనుకో కార్డుకో దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకువాళ్లు చూస్తే అది ఎంక్వయిరీగా నమోదవుతుంది. అవి తక్కువ రోజుల్లో ఎక్కువైతే స్కోరు మీద ప్రభావం ఉంటుంది. మనం చూసుకున్నది ఆ లెక్కలోకి రాదు.

రిపోర్టు వచ్చింది, ఇప్పుడు అసలు పని

అందరూ స్కోరు చూసి మూసేస్తారు. 300 నుంచి 900 వరకు ఉండే ఆ అంకె ఫలితం మాత్రమే. పరీక్ష పేపరు లోపల ఉంది. రిపోర్టు పీడీఎఫ్‌గా దించుకుని, పెద్ద స్క్రీన్ మీదో ప్రింటు తీసో, చేతిలో పెన్ను పెట్టుకుని కూర్చోండి. గంట పడుతుంది. (అసలు లోనే తీసుకోని వారికి స్కోరు స్థానంలో మైనస్ ఒకటి అనో, ఎన్‌హెచ్ అనో ఉండొచ్చు. చరిత్ర లేదని అర్థం, చెడ్డదని కాదు.)

ముందు పేరు, పుట్టినతేదీ, పాన్, చిరునామాలు. మనవాళ్లకు ఇక్కడ ఓ తలనొప్పి ఉంది: ఇంటిపేరు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకు పాస్‌బుక్‌లో చివర్న. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకైతే పాత పేరుతో ఒక ఖాతా, కొత్త పేరుతో ఇంకోటి. దీనివల్ల ఒకే మనిషి వివరాలు రెండు ముక్కలుగా ఉండిపోవచ్చు, లేదా అదే పేరున్న ఇంకొకరి లోను మన రిపోర్టులోకి వచ్చిపడొచ్చు. మీరెప్పుడూ ఉండని ఊరి అడ్రసు, మీది కాని ఫోన్ నంబరు కనిపిస్తే దానికి గుండ్రంగా గీత గీయండి. మిగతా రిపోర్టు ఇంకా జాగ్రత్తగా చదవాలన్నమాట.

తర్వాత ఖాతాలు. ఒక్కో లోనుకి ఒక్కో పెట్టె ఉంటుంది. అందులో ఇచ్చిన సంస్థ పేరు, లోను రకం, తీసుకున్న తేదీ, మొత్తం, ఇంకా ఉన్న బాకీ, దాటిపోయిన వాయిదా. సంస్థ పేరు ఎప్పుడూ విననిదైతే వెంటనే కంగారు పడొద్దు. ఫోన్‌లో 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' అని వాడినది, షోరూంలో వడ్డీ లేని ఈఎంఐ మీద కొన్న ఫ్రిజ్, ఇవన్నీ కూడా లోన్లే. యాప్ పేరు ఒకటి, వెనకనుంచి డబ్బు ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకొకటి. తేదీ, మొత్తం చూస్తే ఏది ఏదో చాలాసార్లు గుర్తొస్తుంది.

ప్రతి పెట్టెలో 'ఓనర్‌షిప్' అనే గడి తప్పక చూడండి. ఇండివిడ్యువల్ అంటే మీదే. జాయింట్ అంటే ఇద్దరిదీ. అబ్బాయి చదువు లోనులో తండ్రి కూడా సంతకం పెడితే అది తండ్రి రిపోర్టులోనూ ఉంటుంది. గ్యారంటార్ అంటే మీరు ష్యూరిటీ సంతకం పెట్టారని. ఎప్పుడో కొలీగ్ అడిగితే మొహమాటానికి పెట్టిన సంతకం ఇక్కడ బయటపడుతుంది. అతను వాయిదాలు ఎగ్గొడితే ఆ మచ్చ మీకూ అంటుతుంది.

ఇక కింద గళ్లు గళ్లుగా నెలలవారీ పట్టిక. ఒక్కో నెలకు ఒక్కో అంకె. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో అది చెబుతుంది. 000 అంటే టైముకు కట్టారు. 030 అంటే ముప్పై రోజులు ఆలస్యం. ఎక్స్ అక్షరం మూడుసార్లు ఉంటే ఆ నెల బ్యాంకు సమాచారం పంపలేదని అర్థం, మీ తప్పేమీ కాదు. కొన్ని బ్యాంకులు అంకెల బదులు అక్షరాలు పంపుతాయి: ఎస్‌టీడీ అంటే 90 రోజుల్లోపే కడుతున్నారని, ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ అంటే 90 రోజులు దాటి మొండిబాకీల వైపు వెళ్లిందని.

ఈ గళ్లలోనే నా సంగతి బయటపడింది. మాల్‌లో ఒక అబ్బాయి బతిమాలితే తీసుకున్న క్రెడిట్ కార్డు, ఒక్కసారీ గీకలేదు. కవరు కూడా బీరువాలో అలాగే ఉంది. రెండో ఏడాది వార్షిక ఫీజు 500, దానిపై 18 శాతం జీఎస్టీ 90, మొత్తం 590 రూపాయలు పడింది. బిల్లు పాత మెయిల్‌కి వెళ్లింది. ఆలస్యానికి ఫీజు, ఆ ఫీజుకి వడ్డీ. రిపోర్టులో వరుసగా 030, 060, 090. ఇంటి లోను ఈఎంఐ ఒక్కరోజు కూడా ఆలస్యం చేయని నాకు, వాడని కార్డు ఇచ్చిన బహుమతి అది. మీకూ అలాంటి కార్డు ఉంటే ఇవాళే రాతపూర్వకంగా మూసేయమని అడగండి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి. అలా చేయకపోతే ఆలస్యమైన రోజుకు 500 రూపాయల చొప్పున మీకు చెల్లించాలన్నది 2022 నుంచి ఉన్న నిబంధన.

లోను తీరిపోయినా ఇంకా యాక్టివ్ అని ఉండటం కూడా తరచుగా కనిపించే తప్పు. 'క్లోజ్డ్', 'సెటిల్డ్' అనే రెండు మాటల తేడా కూడా తెలుసుకోండి. మొత్తం కట్టేస్తే క్లోజ్డ్. బ్యాంకుతో మాట్లాడుకుని కొంత తగ్గించి కట్టేస్తే సెటిల్డ్. రికవరీ ఏజెంటు "సగం కట్టండి సార్, క్లియర్ అయిపోతుంది" అన్నప్పుడు ఈ రెండో మాట పడుతుందని చెప్పడు. తర్వాత లోను ఇచ్చేవాళ్లు దాన్ని ముక్కు విరిచి చూస్తారు. 'రిటన్ ఆఫ్' అయితే ఇంకా కష్టం. బ్యాంకు ఆ బాకీని లెక్కల్లో కొట్టేసింది గానీ మీకు మాఫీ చేయలేదు.

చివర్న ఎంక్వయిరీలు: ఏ తేదీన ఏ సంస్థ ఎంత లోను కోసం మీ రిపోర్టు చూసిందో ఉంటుంది. ఒక్క వెబ్‌సైట్‌లో 'వడ్డీ పోల్చి చూడండి' అని ఫారం నింపితే ఒకేరోజు నాలుగైదు సంస్థల పేర్లు ఇక్కడికి ఎక్కొచ్చు. అసలు మీరు అడగనే అడగని లోను ఇక్కడ ఉంటే మీ పాన్ ఎవరో వాడుతున్నారేమో అనుమానించాలి. ఆ సంస్థకు వెంటనే రాయండి. మీ పేరుతో ఎవరో డబ్బు కూడా తీసుకుని ఉంటే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

తప్పు సరిచేయించడం

దీనికీ ఫీజు లేదు. రిపోర్టు తీసుకున్న సైట్‌లోనే 'డిస్ప్యూట్' అని ఉంటుంది. రిపోర్టు మీద ఉన్న కంట్రోల్ నంబరు, తప్పున్న ఖాతా, అందులో ఏ గడి తప్పో, సరైనది ఏమిటో నింపాలి. లోను తీరిపోయినట్టు బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, చివరి చెల్లింపు రసీదు జతచేయండి. కథంతా రాయక్కర్లేదు. "ఈ ఖాతా 2021 మార్చిలో పూర్తిగా చెల్లించాను, ఎన్‌ఓసీ జతచేశాను, బాకీ సున్నా చేసి క్లోజ్డ్‌గా మార్చండి" అంటే చాలు. తప్పులు మూడుంటే మూడూ విడివిడిగా రాయండి.

సిబిల్ గానీ మిగతా మూడు గానీ తమంతట తాము అంకెలు మార్చవు. అప్పిచ్చిన సంస్థను అడుగుతాయి, ఆ సంస్థ ఒప్పుకుంటేనే మారుతుంది. అందుకని అదేరోజు బ్యాంకుకు కూడా మెయిల్ రాసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫోన్‌లో చెప్పి వదిలేస్తే తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు. నేను మొదట చేసిన పొరపాటు అదే, రెండు నెలలు కస్టమర్ కేర్ పాట విన్నాను.

గడువు మొత్తం 30 రోజులు. అందులో 21 రోజుల్లోపు బ్యాంకు సరైన వివరాలు పంపాలి, మిగతా రోజుల్లో రిపోర్టు మారాలి. 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆలస్యం ఎవరిదైతే వాళ్లు కట్టాలి, సమస్య తేలాక ఐదు పనిదినాల్లో మీ ఖాతాలో వేయాలి. మీ అభ్యర్థన తిరస్కరిస్తే కారణం కూడా చెప్పాలి. మెయిల్‌లో ఈ 30 రోజుల సంగతి మర్యాదగా ఒక్క వాక్యంలో గుర్తుచేస్తే జవాబు కాస్త చురుగ్గా వస్తుంది.

అయినా కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి ఈ నాలుగు కంపెనీల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ముందు సంస్థకు రాసి, 30 రోజులు ఆగి, జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. లాయరు అక్కర్లేదు, రుసుము లేదు. ఎలా చేయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఈ లోపల "సిబిల్ క్లియర్ చేస్తాం, పదిహేను రోజుల్లో 750 దాటిస్తాం" అనే ఏజెంట్లు తగులుతారు. తప్పుగా ఉన్నదాన్ని సరిచేయించడానికి వాళ్లు చేసేది కూడా పైన చెప్పిన ఫారం నింపడమే. నిజంగానే ఎగ్గొట్టిన వాయిదాను ఎంత డబ్బు తీసుకున్నా ఎవరూ చెరపలేరు. దానికి బాకీ కట్టి, తర్వాతి నెలలు 000 పడేలా చూసుకోవడం తప్ప వేరే దారి లేదు.

బ్యాంకులు 15 రోజులకోసారైనా వివరాలు పంపాలన్న నిబంధన 2025 జనవరి 1 నుంచి వచ్చింది కాబట్టి, కట్టిన బాకీ ఒకట్రెండు నెలల్లో రిపోర్టులో కనిపించాలి. సిబిల్‌లో తప్పు సరిచేశారని మెయిల్ వచ్చినా, మీరు ఇంకా వాడని రెండో కంపెనీ ఉచిత రిపోర్టు అప్పుడు తీయండి. బ్యాంకు పంపిన అదే తప్పు నాలుగు చోట్లా ఉండి, ఒక్కచోటే మారి ఉండొచ్చు. నా 590 రూపాయల కార్డు రెండు చోట్ల క్లోజ్డ్ అయింది. మూడో చోట ఇంకో ఫిర్యాదు పెట్టాల్సి వచ్చింది.